హైదరాబాద్ డైవర్లకు ప్రయాణపు ఫిన్స్: తూకంలో ఏమేం చూడాలి

హైదరాబాద్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకున్నవారికి సముద్రం ఎటు చూసినా దూరమే. తూర్పున విశాఖపట్నం, దక్షిణాన పుదుచ్చేరి, పడమట గోవా, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, బంగాళాఖాతం దాటి వెళితే అండమాన్: వీటిలో దేనికి బయలుదేరినా రాత్రంతా రైల్లోనో బస్సులోనో గడపాలి, లేదా శంషాబాద్‌లో విమానం ఎక్కాలి. విమానంలో వెళ్లేవారికి డైవింగ్ సామగ్రి ఎంపిక ఒక తూకం లెక్కతోనే మొదలవుతుంది. దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌పై సాధారణంగా 15 కిలోల చెక్ ఇన్ సామాను, 7 కిలోల చేతి సంచి తీసుకువెళ్లనిస్తారు. గాలి నింపి నీటిలో తేలుడును అదుపు చేసుకునే చొక్కా, అంటే బీసీడీ, మూడు నాలుగు కిలోల బరువు ఉంటుంది. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ గొట్టాలతో కలిపి రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటికి వెచ్చదనమిచ్చే నియోప్రీన్ అనే నురుగు రబ్బరు దుస్తు), మాస్కు, టార్చ్, లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్ కలిస్తే మరో రెండు మూడు కిలోలు. వీటికి ఫిన్స్ (ఈదడానికి పాదాలకు తొడుక్కునే రెక్కలు), బూటీలు (డైవింగ్ బూట్లు) తోడైతే ఒక్క జత బట్టలు కూడా సర్దకముందే పన్నెండు, పదమూడు కిలోలు అయిపోతాయి.

ఈ సామగ్రిలో ఒక రకానికీ మరో రకానికీ బరువులో బాగా తేడా కనిపించే వాటిలో ఫిన్స్ ఒకటి. పొట్టి రకాలు జత ఒక కిలోకు అటూ ఇటూగా దొరుకుతాయి. దట్టమైన రబ్బరుతో చేసిన జెట్ ఫిన్ తరహావి పెద్ద సైజుల్లో జత మూడు కిలోలకు చేరుతాయి. రెండు కిలోలు ఆదా చేసే అవకాశం ఇక్కడ ఉంది కాబట్టి కొనుగోలుదారు చూపు సహజంగా అన్నిటికంటే తేలికైన జత మీద పడుతుంది. అయితే ప్రయాణానికి అనువైన ఫిన్స్ ఏవో పెట్టె తూకం ఒక్కటే తేల్చలేదు. పాదానికి తొడుక్కునేవన్నీ కలిపి ఎంత తూగుతాయి, డైవ్ చివరి నిమిషాల్లో ఆ ఫిన్ నీటిలో తేలుతుందా మునుగుతుందా, వెళ్లే చోట ప్రవాహం ఎంత ఉంటుంది అన్న మూడు విషయాలను కలిపి చూసినప్పుడే ఎంపిక సరిగా కుదురుతుంది.

అసలు ఫిన్స్ సొంతంగా కొనుక్కోవాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే సముద్రానికి వెళ్లేవారికి బీసీడీ, సిలిండర్, వెయిట్ బెల్టు (మునగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువులు) అక్కడికక్కడ అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. డైవ్ సెంటర్లలో అవి ఎటూ ఉంటాయి, డైవింగ్ రుసుములోనే చాలాచోట్ల కలిసి ఉంటాయి. కానీ మాస్కు, ఫిన్స్ ఒంటికి అతకవలసిన వస్తువులు. మాస్కు ముఖానికి అతకకపోతే నీళ్లు కారతాయి, ఆ సంగతి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఫిన్ పాదానికి అతకకపోతే అలా వెంటనే బయటపడదు. మొదటి రోజు కాలి వేళ్ల మీద ఎర్రటి మచ్చగా కనిపించి, రెండో రోజుకు పొక్కై, మూడో రోజు డైవ్ మానుకునేలా చేస్తుంది. అంత దూరం, అంత ఖర్చుతో వెళ్లినప్పుడు చేతిలో ఉండేవి నాలుగైదు రోజులే కాబట్టి, మాస్కు తరవాత సొంతంగా ఉండవలసిన వస్తువు ఫిన్సే.

ఫిన్స్‌లో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. బూటు లోపలికి పాదం దూర్చినట్టు మడమతో సహా తొడుక్కునేది ఫుల్ ఫుట్. మడమ వెనక తెరిచి ఉండి, పట్టీతో బిగించుకునేది ఓపెన్ హీల్. దుకాణంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి తూస్తే తేడా కొద్దిగానే కనిపించవచ్చు. అసలు తేడా ఓపెన్ హీల్‌కు తోడుగా రావలసిన నియోప్రీన్ బూటీల దగ్గర ఉంది. గట్టి అడుగు ఉన్న బూటీల జత పొడిగా ఉన్నప్పుడే ముప్పావు కిలో నుంచి కిలో వరకు తూగుతుంది. తిరుగు ప్రయాణంలో అవి పొడిగా ఉండవు. నియోప్రీన్ నీటిని పట్టి ఉంచుకుంటుంది, బూటీ ముందుభాగం మూసి ఉండటం వల్ల గాలి ఆడదు, అండమాన్ తేమలో ఒక రాత్రంతా ఆరవేసినా లోపలి అస్తరు చల్లగానే తగులుతుంది. బయలుదేరినప్పుడు 15 కిలోల లోపే ఉన్న పెట్టె తిరిగి వచ్చేటప్పుడు అదే సామానుతో పరిమితి దాటడానికి ఒక కారణం ఇదే. అందుకని కేటలాగులో రాసిన ఫిన్ బరువుకు బూటీల బరువును, పైన కొంత తడి బరువును కలిపితేనే నిజమైన లెక్క తేలుతుంది. ఈ లెక్కలో ఫుల్ ఫుట్ ఫిన్, రాపిడి తగలకుండా పలచని నియోప్రీన్ సాక్సు కలిసి చాలాసార్లు కిలో పైగా ఆదా చేస్తాయి. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవుల్లో నీటి ఉష్ణోగ్రత ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి, పాదాల వెచ్చదనం కోసం మందపాటి బూటీలు మోసుకువెళ్లవలసిన అవసరం అక్కడ లేదు.

మరి అందరూ ఫుల్ ఫుట్ కొనుక్కుంటే సరిపోదా అంటే, అది నీటిలోకి ఎలా దిగుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పడవ అంచు నుంచి దిగి, మళ్లీ పడవ నిచ్చెన దగ్గరే ఫిన్స్ విప్పి పైకి అందించే డైవింగ్‌కు ఫుల్ ఫుట్‌ను మించినది లేదు. తీరం నుంచి నడుస్తూ దిగవలసి వస్తే పరిస్థితి మారిపోతుంది. స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హావ్‌లాక్‌లో నీమో రీఫ్ లాంటి చోట్లకు ఒడ్డు నుంచే దిగుతారు. అండమాన్ తీరాల్లో ఆటు సమయానికి నీరు వెనక్కి తగ్గినప్పుడు చచ్చిన పగడపు ముక్కలు, గవ్వల పెంకులు, పదునైన రాళ్లు బయటపడతాయి. వీపు మీద సిలిండర్ బరువుతో, కాళ్లకు సాక్సు మాత్రమే వేసుకుని వాటి మీద నడవడం ప్రమాదకరం. పాదం తెగితే ఆ గాయం ఉప్పునీటిలో తొందరగా మానదు. కాబట్టి ఒడ్డు నుంచి దిగే అవకాశం ఉన్న ప్రయాణానికి బూటీలు అవసరమే. వాటి బరువును విమానంలో కాలికి తొడుక్కోవడం ద్వారా తప్పించుకునేవారూ ఉన్నారు. గట్టి అడుగున్న బూటీలకు అది పనికివచ్చే ఉపాయమే.

ఈ రెండింటి మధ్య మూడో దారి ఒకటి ఇటీవలి కాలంలో బాగా నిలదొక్కుకుంది. అది వట్టి పాదంతోనే తొడుక్కునేలా తయారు చేసిన ఓపెన్ హీల్ ఫిన్. స్కూబాప్రో వారి గో ఫిన్ ఈ కోవలో పేరున్నది. పాదం దూరే ఫుట్ పాకెట్ లోపలి అంచులు మెత్తగా ఉంటాయి, పట్టీ మడమ పరిమాణానికి తగ్గట్టు సాగుతుంది, పాదం బిగుతుగా కూర్చోవడానికి బూటీ అక్కరలేదు. అవసరమైతే పలచని బూటీతో కూడా కొన్ని సైజులు సరిపోతాయి. పడవ డైవింగే ప్రధానంగా చేస్తూ, ఎప్పుడో ఒకసారి ఒడ్డు నుంచి దిగే హైదరాబాద్ డైవర్ అవసరాలకు ఈ రకం బాగా నప్పుతుంది.

పొడవు లెక్క బరువు లెక్కంత ముఖ్యం కాకపోయినా, పెట్టె ఎంపికను అదే శాసిస్తుంది. కొన్ని దేశీయ విమానాల్లో చేతి సంచికి పెట్టిన కొలత 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం. దాని అడుగు భాగానికి మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే కాగితం మీద 65 సెంటీమీటర్లు వస్తుంది. అయితే ఈ 55, 35 పెట్టె బయటి కొలతలు. చక్రాలు, హ్యాండిల్ గొట్టాలు, గోడల మందం తీసేస్తే లోపల మిగిలేది సుమారు 50, 32 సెంటీమీటర్లు, అంటే మూలకు 59. మామూలు ఓపెన్ హీల్ స్కూబా ఫిన్ 60 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి అది చేతి సంచిలో పట్టదు, 55 సెంటీమీటర్ల లోపున్న పొట్టి రకమైతే ఏటవాలుగా పడుతుంది. ఇలా పట్టించడం కోసమే పొట్టి ఫిన్స్ కొనాలని చాలామంది అనుకుంటారు. ఈ ఆలోచన అంత అవసరమైనది కాదు. చేతి సంచిలో తప్పనిసరిగా ఉండవలసినవి రెగ్యులేటర్, కంప్యూటర్, మాస్కు, లిథియం బ్యాటరీలు. ఫిన్స్ పోతే అద్దెకు దొరుకుతాయి, విసిరినా పగలవు, వాటి చోటు చెక్ ఇన్ పెట్టెలోనే. అక్కడ 68, 70 సెంటీమీటర్ల పెట్టె ఉంటే మామూలు పొడవున్న ఫిన్ నిలువుగా పట్టేస్తుంది.

పెట్టె సంగతి అలా ఉంచితే, ఫిన్ పని నీటిలో. ఫ్రెంచ్ నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియో 1933లో ఈత ఫిన్స్‌కు పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి మూలసూత్రం మారలేదు: పాదం కంటే ఎక్కువ వైశాల్యంతో నీటిని వెనక్కి నెట్టడం. మారింది పదార్థం. రబ్బరు సముద్రపు నీటికంటే సాంద్రమైనది, అందుకే రబ్బరు ఫిన్ చేతిలోంచి జారితే మునిగిపోతుంది. పాలీప్రొపిలీన్ సాంద్రత నీటికంటే తక్కువ, కాబట్టి ఆ ప్లాస్టిక్‌తో చేసిన బ్లేడు, అంటే నీటిని నెట్టే పలక, తేలే వైపు మొగ్గు చూపుతుంది. మోన్‌ప్రీన్ లాంటి థర్మోప్లాస్టిక్ రబ్బర్లు ఈ రెండింటి నడుమ ఉండి, నీటిలో మునిగీ మునగనట్టు ఉంటాయి. దుకాణంలో ఫిన్‌ను చేత్తో ఎత్తి చూసేవారికి ఈ తేడా తెలియదు. నీళ్లు నింపిన తొట్టిలో వేసి చూస్తే క్షణంలో తెలుస్తుంది.

ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో చెప్పాలంటే సిలిండర్ గురించి చెప్పాలి. మన దేశంలో డైవ్ సెంటర్లు ఎక్కువగా ఇచ్చేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. 200 బార్ పీడనం వరకు నింపినప్పుడు అందులోని గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. డైవ్ సాగేకొద్దీ ఆ గాలి ఖర్చై, చివరకు వచ్చేసరికి మొదట మునిగే గుణమున్న సిలిండర్ తేలే గుణానికి మారుతుంది, ముఖ్యంగా దాని అడుగు భాగం నడుము వెనక పైకి లేస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే డైవర్ 5 మీటర్ల లోతులో మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే ముందు, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటకు పోవడానికి ఆగడం) చేయాలి. కాళ్లకు తేలే ఫిన్స్ ఉంటే నడుముతో పాటు పాదాలు కూడా పైకి లేచి, తల కిందికి వాలి, ఆ లోతులో నిలబడటమే కష్టమవుతుంది. అనుభవం తక్కువ ఉన్నవారు దీన్ని తమ తేలుడు నియంత్రణ లోపంగా భావించి మరో కిలో సీసం అడుగుతారు. ఆ సీసం డైవ్ మొత్తం మోయాలి, దాన్ని సరిచేయడానికి బీసీడీలో గాలి నింపాలి, ఆ గాలి సిలిండర్‌లోంచే రావాలి. మరో వైపు, దట్టమైన రబ్బరు ఫిన్స్ చన్నీటి సముద్రాల్లో మందపాటి సూట్లు, లోపలికి నీరు రానివ్వని డ్రైసూట్లు వేసుకునేవారి కాళ్లు తేలకుండా పట్టి ఉంచడానికి బాగా పనికివస్తాయి. 3 మిల్లీమీటర్ల సూటో, ఒంటికి అతికే పలచని ఈత చొక్కా అయిన రాష్ గార్డో వేసుకున్న మన డైవర్‌కు అవే ఫిన్స్ కాళ్లను కిందికి లాగి, అడుగున ఇసుక రేపుతాయి. కాబట్టి వెచ్చని సముద్రాలకు వెళ్లేవారు కోరుకోవలసింది నీటిలో దాదాపు సమంగా నిలిచే ఫిన్. అది తూకంలో అన్నిటికంటే తేలికైనది కాకపోవచ్చు. జతకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల మధ్య ఉండే థర్మోప్లాస్టిక్ రకాలు ఎక్కువగా ఈ గుణానికి దగ్గరగా వస్తాయి.

బ్లేడు ఆకారం విషయంలో కంపెనీలు చెప్పే మాటలు చాలా ఉన్నా, ప్రయాణికుడికి అవసరమైనవి కొన్నే. బ్లేడు మధ్యకు చీలి ఉండే స్ప్లిట్ ఫిన్ మోకాళ్ల మీద భారం తగ్గిస్తుంది, పైకీ కిందికీ ఆడించే ఫ్లట్టర్ కిక్‌తో హాయిగా సాగిపోతుంది. కానీ కప్ప ఈదినట్టు కాళ్లను పక్కలకు ఆడించే ఫ్రాగ్ కిక్‌కు, వెనక్కి ఈదడానికి అది సహకరించదు. పొట్టిగా, వెడల్పుగా, కాస్త గట్టిగా ఉండే బ్లేడు ఫ్రాగ్ కిక్‌కు చక్కగా ఒదుగుతుంది. ఈ కిక్ నేర్చుకోవడం పగడపు దిబ్బల దగ్గర తిరిగేవారి బాధ్యత కూడా. అండమాన్ పగడాలు 2010లో నీరు వేడెక్కి పెద్ద ఎత్తున తెల్లబారాయి. ఏళ్ల తరబడి సెంటీమీటర్ల లెక్కన పెరిగే కొమ్మ పగడం ఒక్క బ్లేడు దెబ్బకు విరిగిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకు రక్షణ ఇస్తోంది కానీ, నీటి కింద ఆ రక్షణ డైవర్ తన బ్లేడు కొస ఎక్కడుందో ఎరిగి ఉండటంలోనే ఉంది. పొడవైన బ్లేడుకు అలవాటు లేనివారికి ఆ ఎరుక తక్కువగా ఉంటుంది, అందుకే మధ్యస్థ పొడవు మేలు.

స్నార్కెలింగ్ కోసం అమ్మే మరీ పొట్టి ఫిన్స్‌తో డైవింగ్‌కు వెళ్లడం మాత్రం మంచిది కాదు. ఒంటి మీద బీసీడీ, సిలిండర్, గొట్టాలు ఉన్న మనిషిని నీరు అడ్డుకునే తీరు, వట్టి ఒంటితో ఉపరితలంలో ఈదే మనిషిని అడ్డుకునే తీరు కంటే చాలా ఎక్కువ. బ్లేడు వైశాల్యం చాలకపోతే ఎక్కువ సార్లు తన్నాలి, ఊపిరి వేగం పెరుగుతుంది, గాలి తొందరగా అయిపోతుంది. పుదుచ్చేరిలోనో, విశాఖ తీరంలోనో ప్రశాంతమైన రోజున ఇది పెద్దగా తెలియకపోవచ్చు. నేత్రాణి దగ్గర ప్రవాహం మొదలైనప్పుడు తెలుస్తుంది. మాల్దీవుల్లో దీవుల వలయాల మధ్య కాలువల్లో, ఆటుపోట్లకు నీరు నదిలా పరుగెత్తే చోట, ఫిన్ చాలని డైవర్ తన జట్టు నుంచే విడిపోయే ప్రమాదం ఉంది. మాల్దీవులకు వెళ్లేవారు అరకిలో ఎక్కువైనా సరే పూర్తి పొడవున్న, గట్టి బ్లేడున్న ఫిన్స్ తీసుకువెళ్లాలి, బరువు తగ్గించుకోవాలంటే బట్టల్లో తగ్గించుకోవాలి. అక్కడి సీ ప్లేన్లలోను, కొచ్చి నుంచి లక్షద్వీప్‌లోని అగత్తికి వెళ్లే చిన్న విమానాల్లోను సామాను పరిమితి వేరుగా ఉండవచ్చు కాబట్టి టికెట్ కొనేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి.

సైజు దగ్గర చాలా కొనుగోళ్లు చెడిపోతాయి. మన చెప్పుల దుకాణాల్లో వాడే సైజులు బ్రిటన్ లెక్కవి, ఫిన్స్ మీద ఉండేవి యూరప్ అంకెలు. బ్రిటన్ లెక్కలో 8 అంటే యూరప్ లెక్కలో సుమారు 42. ఓపెన్ హీల్‌లో మూడు నాలుగు సైజులను కలిపి ఒకే అక్షరంతో సూచిస్తారు, ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియంకు సరిపోలదు. ఫుల్ ఫుట్ ఫిన్‌ను సాక్సుతో, ఓపెన్ హీల్‌ను తాను వేసుకోబోయే బూటీతోనే తొడిగి చూడాలి. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళ చూడటం మంచిది. కుర్చీలో కూర్చుని కాలు చాపి, చీలమండను గుండ్రంగా తిప్పినప్పుడు మడమ ఫిన్ లోపల పైకీ కిందికీ జారకూడదు. కాలి వేళ్లు ముడుచుకోకూడదు, పాదం పైభాగంలో ఎముక మీద అంచు నొక్కకూడదు. డెకథ్లాన్ లాంటి దుకాణాల్లో సుబియా రకాలను ఇలా వేసి చూసే వీలుంది. మిగతా బ్రాండ్లు ఎక్కువగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసినవే కాబట్టి మార్చుకునే వీలు, దానికి పట్టే గడువు చూసుకుని, ప్రయాణానికి కనీసం నెల ముందే కొనాలి. కొన్న జతను నగరంలోని ఏదైనా ఈతకొలనులో, ముందే అనుమతి అడిగి, అరగంట ఆపకుండా వాడి చూడాలి. పిక్క పట్టేస్తే బ్లేడు ఆ కాళ్ల బలానికి మించి గట్టిదన్నమాట. ఆ సంగతి కొలనులో తెలియడం ఎంతో నయం.

ఓపెన్ హీల్ కొన్నవారు పట్టీ గురించి కూడా ఆలోచించాలి. సాగే రబ్బరు పట్టీకి ఇరువైపులా ఉండే ప్లాస్టిక్ బకిల్ సామాను విసిరేసే చోట విరిగే అవకాశం ఉన్న భాగం. స్టీలు స్ప్రింగ్ పట్టీ దాదాపు తెగదు, తడి చేతులతో కూడా ఒక్క లాగుతో తగులుతుంది, కాకపోతే జతకు రెండు మూడు వందల గ్రాముల బరువు పెంచుతుంది. బంజీ అనే సాగే తాడుతో చేసిన పట్టీ తేలిక, చౌక కూడా. ప్రయాణానికి బంజీనే మెరుగు, ఒక పట్టీ అదనంగా పెట్టుకుంటే చాలు. బ్లేడు విడదీసి సర్దుకునే రకాలు చూడటానికి ఆకర్షణీయంగా ఉన్నా, అతికే చోట ఉండే మరలు, కొక్కాలు ఇసుకా ఉప్పూ చేరి బిగుసుకుపోయే భాగాలు. ఒకే ముక్కగా పోతపోసిన ఫిన్‌లో చెడిపోవడానికి ఏమీ లేదు.

సర్దే తీరు ఫిన్స్ ఆయుష్షును నిర్ణయిస్తుంది. రెండింటినీ పెట్టె రెండు పక్కల గోడల వెంబడి నిలువుగా పెడితే మధ్యలోని సామానుకు అవే రక్షణగా నిలుస్తాయి. ఫుట్ పాకెట్ ఖాళీగా పోనివ్వకుండా సాక్సు, రాష్ గార్డు కుక్కితే చోటు కలిసివస్తుంది, పాకెట్ ఆకారం కూడా నిలుస్తుంది. కొత్త ఫిన్స్‌తో వచ్చే ప్లాస్టిక్ అచ్చులను అందుకే పారేయకూడదు. బ్లేడును వంచి పెట్టెలో ఇరికిస్తే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది, వేడి తోడైతే మరీ తొందరగా. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు నిలిపి ఉంచిన కారు డిక్కీ థర్మోప్లాస్టిక్‌కు శత్రువే. అండమాన్ నుంచి వచ్చాక పెట్టెను వారం రోజులు డిక్కీలోనే వదిలేస్తే ఒక పక్కకు ఒరిగిన బ్లేడు మళ్లీ సరిగా ఈదనివ్వదు.

ఆరబెట్టడానికి సమయం మాత్రం డైవింగ్ నియమమే ఇస్తుంది. వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ భద్రత సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. ఆ చివరి రోజు మధ్యాహ్నమే ఫిన్స్‌ను మంచినీటిలో నానబెట్టి, బకిల్ సందుల్లోని ఇసుక కడిగి, మడమ వైపు కిందికి వచ్చేలా నీడలో నిలబెడితే మర్నాడు ఉదయానికి పొడిబారతాయి. బూటీలను మాత్రం తిరగేసి, లోపలి వైపు బయటకు తీసి, ఫ్యాను కింద పెట్టాలి. అప్పటికీ తడి మిగిలితే వాటిని విడిగా సంచిలో చుట్టి, పెట్టెలో అన్నిటికంటే పైన ఉంచాలి. విమానాశ్రయంలో తూకం ఎక్కువైందని తేలితే ముందుగా చేతికి అందవలసినవి అవే.